తొలి గోల్‌కీపర్

హెర్నె, సోమవారం, 3 జూన్ 2019

అమ్మడూ,

వచ్చే ఆదివారం మన ఫుట్‌బాల్ క్లబ్బుకు నూరేళ్లు నిండుతాయి. అక్కడ నేను గొడవ చేస్తానని మీ నాన్న నీకు ఫోన్ చేశాడట. అందుకే ఈ కార్డు.

ఉత్సవంలో తొలి బంతి తన్నే గౌరవం ఒకప్పుడు నాతో ఆడిన వాల్‌ట్రౌట్‌కు ఇచ్చారు. క్లబ్బు గోడ మీద పెట్టిన చరిత్రలో ఆమె ఫొటో ఉంది. కింద ‘తొలి మహిళా గోల్‌కీపర్, 1970’ అని రాసి ఉంటుంది. అది కనిపించినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

నిన్న క్లబ్బులో బీరు బల్ల దగ్గర ఆమే కదిపింది.

“ఏమే ఎల్‌ఫ్రీడా, నీ కోపం ఇంకా చల్లారలేదా? మీ ఆయన మీద నాకెప్పుడూ కన్ను లేదే తల్లీ!”

“ఆయన్ని ఎత్తుకుపోయినా ఊరుకునేదాన్ని. నువ్వు ఎత్తుకుపోయింది నా చోటు.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. జర్మనీలో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ను నిషేధించిన రోజుల్లో, బొగ్గుగని వెనక మసినేల మీద గోల్ కాసింది నేను. నిషేధం ఎత్తేసిన ఏడాది మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. గోల్‌కీపర్ చొక్కా ఆమెకు వెళ్లింది.

“అప్పట్లో నేను తన్నిన బంతి ఒక్కటీ నిన్ను దాటి పోలేదే,” అంది వాల్‌ట్రౌట్ మెల్లగా.

“మరి ఆ మాట క్లబ్బువాళ్లకెందుకు చెప్పలేదు?”

“నువ్వు నాతో మాట్లాడితే కదా, చెప్పమంటావా అని అడగడానికి!”

ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. ఆదివారం జరగవలసినవి:

1. బంతిని మైదానం మధ్యలో కాదు, పెనాల్టీ చుక్క మీద పెట్టాలి.
2. వాల్‌ట్రౌట్ బలంగా తన్నాలి. జాలి చూపిస్తే మళ్లీ మాటలుండవు.
3. నువ్వు నా మోకాళ్లకు పట్టీలు, చేతులకు గ్లౌజులు తేవాలి. మీ నాన్నకు చెప్పకు.

— నానమ్మ, గోల్‌కీపర్