క్వార్టరు కంటే పొడుగు కారు

ఆదివారం పొద్దున ఆకాశం బాగా నల్లబడి, బాగా ఉరిమి, చివరికి నాలుగు చినుకులు రాల్చి చేతులు దులుపుకుంది. ఆ నాలుగూ గాలిలోని బొగ్గు దుమ్మును వెంటబెట్టుకుని దిగి, తెల్ల కాంటెస్సా మీద నల్ల చుక్కలయ్యాయి. మెకానిక్ వజీర్ భుజం మీది బట్ట తీసి, పెళ్లికొడుకు మొహం తుడిచినట్టు కారును తుడిచాడు.

కారు కాంట్రాక్టరు అచ్యుతరావుది. గోదావరిఖనిలో సంపాదించింది చాలనుకుని ఆయన కోస్తాకు తిరిగి వెళ్లిపోతున్నాడు. కారు అమ్మిపెట్టమని వజీర్‌కు అప్పగించాడు. పన్నెండు గంటలకు కొత్తగూడెం నుంచి ఒక సేటు వస్తానన్నాడు. ఆలోపు నర్సింగం కొంటే కారు ఊళ్లోనే ఉంటుంది, దానికి డ్రైవరుగా వజీర్ ఉంటాడు. కొనకపోతే వజీర్‌కు ఏమీ ఉండదు. అతని షెడ్డు ఉన్న జాగా ఓపెన్‌కాస్టు గనిలో కలుస్తోంది. నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు.

నర్సింగం గనిలో ఓవర్‌మన్, కార్మికుల మీద అజమాయిషీ. భార్య పూలమ్మ కంపెనీ ఆఫీసులో క్లర్కు. ఒక్క క్వార్టరులోకి రెండు కంపెనీ జీతాలు. ఆ లైనులో మొదటి కలర్ టీవీ వాళ్లది, మొదటి ఫ్రిజ్ వాళ్లది. ఉన్నది ఒక్క కొడుకు. వాడు ఇంటర్ మూడుసార్లు రాసి, పేపర్లు దిద్దేవాళ్లకే విసుగు పుట్టించాడు.

వాళ్లు కారు కొంటారని వజీర్‌కు నెల కిందటే నమ్మకం కుదిరింది. నర్సింగం స్కూటరు ముట్టడం మానేశాడు. కారెక్కబోయే మనిషికి స్కూటరు నామోషీ కాదా మరి. మబ్బు పట్టినా నల్లద్దాలు పెడుతున్నాడు. అంతకంటే వింత, బజారుకు వస్తే పూలమ్మ ఆయన చెయ్యి పట్టుకునే నడుస్తోంది. యాభై ఏళ్లకు మొదలైన ఈ సరసం చూసి చౌరస్తా అంతా నవ్వుకుంది. వజీర్ మాత్రం నవ్వలేదు. కారు ఇంటికి రాకముందే దాని లక్షణాలు ఒంట్లోకి వస్తాయని అతని అనుభవం.

వజీర్ కారు తెచ్చి వాళ్ల క్వార్టరు ముందు ఆపాడు. బంపరు వీళ్ల గోడ దగ్గరుంటే, డిక్కీ పక్కింటి జామచెట్టు కిందికి పోయింది. పూలమ్మ గడపలో నిలబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఇంటి కంటె కారే పెద్దగున్నది. మేం దాంట్ల పండుకోని, దాన్ని ఇంట్ల పండవెట్టాల్నా తమ్మీ?"

నర్సింగం అద్దాలు నుదుటి మీదికి నెట్టి కారు చుట్టూ తిరిగాడు. వజీర్ నాలుగు రోజులు రంగు కలిపి కలిపి కప్పిన గీతను పది అడుగుల దూరం నుంచే పట్టుకున్నాడు. టైరు మీద అరిగిపోయిన అంకెలను వంగకుండానే చదివాడు.

"నీయి కండ్లు కావన్నా, దుర్బీను," అన్నాడు వజీర్.

పూలమ్మ గల్లీ అటూ ఇటూ చూసి, మొగుడి అద్దాలు కిందికి లాగింది. దుమ్మంట.

ఇంట్లో కూర్చున్నాక పంచాయితీ మొదలైంది. గని మేనేజరు పెద్దసారే అంబాసిడర్‌లో తిరుగుతుంటే ఓవర్‌మన్ కాంటెస్సాలో దిగడం బాగుండదంది పూలమ్మ. పెద్దసారు రాని తొవ్వలో తీసుకుపోతానన్నాడు వజీర్. యూనియన్ వాళ్లు చందాకు వస్తారంది. వస్తే డిక్కీలో దాక్కోవచ్చు, అంత జాగా ఉందన్నాడు. బాగా తాగుతుందట కదా అంది. ఈ కాలనీలో తాగనిది ఏదో చూపించమన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పటిదాకా మాట్లాడని నర్సింగం నోరు తెరిచాడు.

"ముప్పయేండ్లు భూమి కింద నడిచిన. ఒక్కపారి మెత్తటి సీటు మీద కూసోని గోదారి దాక పోవాలె. నేనే నడుపుకుంట పోవాలె."

"వద్దు."

"పోనీ గల్లీ చివరిదాక."

"గడప దాక గూడ వద్దు. ఆ చక్రం మీద చెయ్యేసినవంటె మంచిగుండదు."

పైసలు ముదిరిన ఆడవాళ్ల పిసినారితనం గురించి వజీర్‌కు తెలిసిందంతా ఒక్కసారి గుర్తొచ్చింది. మింగేసి, మెత్తగా అన్నాడు. "నేనున్నగద వదినె. నేను నడుపుత. అన్న ఎనుక కూసుంటడు."

"ఊకె కూసుంటడా? కిటికీలకెళ్లి దునియానంత చూసుకుంట, కనవడ్డోనికల్ల పేరు వెట్టి నమస్తె వెట్టుకుంట పోతడు. ఈయన సంగతి నాకు తెల్వదా?"

ఏడాది ఆగితే చూద్దామంది. సేటు గంట కూడా ఆగడన్నాడు వజీర్. తర్వాత హాస్యాలన్నీ పక్కన పెట్టి, తల వంచుకుని చెప్పాడు.

"నా షెడ్డు పోతున్నది వదినె. నాకు గీ నౌకరీ ఒక్కటే దిక్కు."

పూలమ్మ గొంతు తగ్గించింది.

"నౌకరీ ఫికర్ నాకు తెల్వకనా తమ్మీ. అందుకే వద్దంటున్న."

వజీర్‌కు అర్థం కాలేదు. రెండు జీతాల ఇంట్లో నౌకరీ ఫికర్ ఏమిటో అడిగే ఓపికా లేదు.

పన్నెండుకు సేటు వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయన కంటికి గీతా కనిపించలేదు, అంకెలూ కనిపించలేదు. సంతోషంగా ఎక్కి వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగేదాకా నర్సింగం తలుపు చాటునుంచి చూస్తూనే ఉన్నాడు.

ఉత్త కడుపుతో పోవద్దని పూలమ్మ వజీర్‌ను ఆపింది. గోదావరి పరకల పులుసు. చిన్న చేపలు, కండ కంటే ముళ్లే ఎక్కువ. ముగ్గురూ కింద కూర్చుని తిన్నారు. వజీర్‌కు రెండుసార్లు గొంతులో గుచ్చుకుంది.

నర్సింగం వెంట్రుకల్లాంటి ముళ్లను ఒక్కటీ తప్పిపోకుండా ఏరి పళ్లెం అంచున పేరుస్తుంటే, పూలమ్మ ఎంగిలి చేత్తోనే లేచి వీధి తలుపు గడియ పెట్టింది. తెల్లారి పదింటికి ఆయన కంపెనీ మెడికల్ బోర్డు ముందు నిలబడి, తనకు రెండు కళ్లూ బొత్తిగా కనిపించడం లేదని, తన నౌకరీ కొడుక్కి ఇవ్వాలని చెప్పుకోవాలి.