లేని పిల్లి

"పిల్లిని ఎక్కడ దాచారమ్మా?"

ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడి అడిగాడు. జాకెట్టుకి చేతులు అతుకుతున్న టైలరమ్మ మిషన్ ఆపేసింది.

"పిల్లేమిటి అన్నయ్యగారూ? మా ఇంట్లో పిల్లి లేదు."

ఆయన కాలరు లాగి మెడ చూపించాడు. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచిన మచ్చ.

"తామరట. పిల్లి నుంచి వచ్చి ఉంటుందన్నాడు డాక్టరు. మా ఇంట్లో పిల్లి అడుగు పెట్టదు. ఈ కాంపౌండులో ఇంకున్నది మీరే. జంతువుల్ని పెంచితే ఇల్లు ఖాళీ చేయాలని ముందే చెప్పాను."

ఆమె కాదనబోయింది. అంతలో ఆయన చూపు ఆమె ముంజేతి మీద పడింది. అక్కడా అలాంటి మచ్చే. చెమట పొక్కనుకుని వారంగా పౌడరు అద్దుతోంది.

"మరి ఇదేమిటి?"

"నాకూ తెలీదండీ."

నిజంగానే తెలీదు.

ఆయన మంచం కిందకి వంగాడు. అటక మీదకి టార్చి వేశాడు. గుడ్డపీలికల మూట విప్పించాడు. తుమ్ములు తప్ప ఏమీ దొరకలేదు.

"ఆదివారం దాకా చూస్తాను. పిల్లి అన్నా పోవాలి, మీరన్నా పోవాలి."

లేని పిల్లిని ఎలా పంపాలో ఆమెకు బోధపడలేదు. స్కూలు నుంచి వచ్చిన కూతుర్ని నిలబెట్టి మెడ, చేతులు, చెవుల వెనక వెతికింది. ఒక్క మచ్చ లేదు.

"నిజం చెప్పు. పిల్లిని తెచ్చావా?"

"కుక్కపిల్ల అడిగితేనే వద్దన్నావు. పిల్లినెలా తెస్తానమ్మా?"

మచ్చ ఉంది, పిల్లి లేదు. తనకు తెలియకుండా తన ఇంట్లోనే ఏదైనా తిరుగుతోందా అని గ్యాస్ బండ వెనక కూడా తొంగి చూసింది. తన మీద తనకే అనుమానం వచ్చేలా ఉంది.

సాయంత్రం ఎవరో తలుపు మెల్లగా తట్టారు. ఓనరు భార్య. చేతిలో మూతపెట్టిన బుట్ట.

"కోపం తెచ్చుకోకు చెల్లీ. పోయిన నెల జాకెట్టు కొలతలు తీసినప్పుడు నా భుజం మీది మచ్చే నీకు అంటుకున్నట్టుంది. ఆయనకూ నా నుంచే."

బుట్ట మూత కదిలింది. లోపల ఏదో సన్నగా 'మ్యావ్' మంది.

"మందు నేనూ వాడుతున్నా, దీనికీ రాస్తున్నా," అంటూ ఆవిడ బుట్టను టైలరమ్మ చేతుల్లో పెట్టింది. "ఇక్కడ దొరకలేదని రేపు మా గదులు కూడా వెతుకుతారట. కొన్నాళ్లు నీ దగ్గరుంచు. మీ ఇల్లు ఆయన చూసేశారుగా, మళ్లీ చూడరు."