పాట ఆగాక

ఆ మోత గిటారులోది కాదేమో, తనలోదేనేమో అని కూడా అనుకున్నాడు సుందర్ రావు.

తీగలు మార్చాడు. శ్రుతి మళ్లీ మళ్లీ సరిచూశాడు. గిటారు పెట్టెకు అతికించిన మైకు పీకి ఇంకోచోట అతికించాడు. అయినా పాట ఆపి, తీగల మీద అరచేయి ఆన్చాక కూడా సన్నటి మోత ఒకటి మిగిలేది. కొత్తగా వచ్చిన యాంప్లిఫయర్ దాన్ని కాశిబుగ్గ చర్చి నిండా పరిచేది. అదీ అందరూ ప్రార్థనకు తలలు వంచిన నిశ్శబ్దంలో.

"రేపు ఈస్టర్‌కు గూడ మోగితే ఇగ గిటారు వద్దు సుందర్. హార్మోనియం సాలు," అన్నారు పాస్టరుగారు.

వారమంతా ఆఫీసులో ఫైళ్లు మోసే తనను నలుగురూ తలెత్తి చూసేది ఆ గిటారు పట్టుకున్న గంటసేపే. అదీ పోతే?

శనివారం సాయంత్రం రిహార్సల్. పాట ఆగింది. మోత ఆగలేదు.

"అన్నా, మేమంత ఆమెన్ అన్నా నీ గిటారు అంటలేదు," పాటలు పాడే సుశీల నవ్వింది.

వెనక బెంచీలోంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. నెలరోజులుగా వస్తున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. పాట సాగినంతసేపూ పక్కనున్న స్పీకర్ పెట్టె మీద అరచేయి ఆన్చి కూర్చుంటాడు. ఇప్పుడు తిన్నగా వచ్చి గిటారు మీద చెయ్యి వేశాడు.

"ముట్టకు తాతా!"

చెయ్యి తియ్యలేదు.

"చెప్తాంది నీకు గాదా? చెవులున్నయా లేవా?"

ముసలాయన అతని ముఖంలోకి చూసి చిన్నగా నవ్వాడు. సుందర్ రావుకు ఒళ్లు మండింది.

"ఒక్కపారి కొట్టు కొడుకా."

వదిలించుకుందామని తీగలు మీటి, అరచేత్తో ఆపాడు. సన్నటి మోత మొదలైంది. ముసలాయన వేళ్లు గిటారు మెడ వెంట పైకి పాకి, చివర మరలకు చుట్టుకునే చోట పొట్టి తీగముక్కల మీద ఆగాయి.

మోత తెగిపోయింది.

"ఇగో, ఈడ. నువ్వు కింద ఆపుతానవు. ఇవి పైన ఒట్టిగనే అదురుతానయి. మగ్గం మీద పోగు అదిరినా గింతే."

భుజం మీది తువాల అంచు నుంచి ఒక దారం లాగాడు. ఒక తీగ పైనుంచి, ఒక తీగ కిందనుంచి, ఆరు తీగల మధ్యా నేసి ముడి వేశాడు.

"ఇగ కొట్టు."

పాట ఆగగానే అంతా ఆగింది.

సుశీల ముందు చిన్నబోయాడు సుందర్ రావు. తల దించుకుని మరలు సవరిస్తూ ఉండిపోయాడు. తలెత్తేసరికి ముసలాయన గుమ్మం దాటుతున్నాడు.

"తాతా! రేపు జర ముంగట కూసో!"

ఆయన వెనక్కి తిరగలేదు. ఎంత పొగరో అనుకున్నాడు.

ఈస్టర్ నాడు పాట అయిపోయాక ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పాస్టరుగారు అతని వైపు చూసి తలూపారు. అతను వెనక బెంచీ వైపు చూశాడు. ఖాళీ.

"ఆ తాత రాలేదేంది?" ఆరాధన ముగిశాక సుశీలను అడిగాడు.

"ఇస్సాకు తాతనా? మా వాడకట్టే. పొద్దుగాల భీవండి పోయిండు, కొడుకు దగ్గెరికి. ఇగ ఆడనే ఉంటడట."

"నిన్న పిలుస్తాంటే పలకకుంటనే పోయిండు."

"నీకు ఎర్క లేదా అన్నా? ముప్పై ఏండ్లు బట్టల మిల్లుల సాంచల మోత నడుమ పనిజేసిండు. పదేండ్ల సంది ఏం ఇనపడది ఆయనకు."

సుందర్ రావు గిటారు ఆమె చేతిలో పెట్టి, ఒక్కసారి మీటమని చెప్పి, వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి, స్పీకర్ పెట్టె మీద అరచేయి ఆన్చాడు.