ఎలుగు చూపించిన నడక

ఒక అడవిలో ముసలి ఎలుగుబంటికి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. "నా ఆకుపసరు పూస్తే నలభై రోజుల్లో చెట్టెక్కుతావు మామా," అంది గుంటనక్క. వానాకాలానికి దాచుకున్న తేనంతా దానికి ధారపోసి, ఎలుగు నలభై రోజులూ పసరు పూసుకుంది. చర్మం బొబ్బలెక్కింది గానీ నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు.

ఒకనాడు పాత నేస్తం అడవిపంది కుంటుకుంటూ వచ్చింది. "ఆ పసరు పనిచేస్తుందా అన్నా? నా దుంపలన్నీ ఇమ్మంటోంది నక్క. అవి పోతే ఈ వానలకు నాకు పస్తే."

నిజం ఎలుగు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంత వయసొచ్చి నక్క చేతిలో మోసపోయానని చెప్పుకోవడం ఎలా?

"నాకైతే హాయిగా ఉంది తమ్ముడూ," అని, పళ్లు బిగబట్టి నాలుగడుగులు చకచకా నడిచి చూపించింది.

పంది మురిసిపోతూ నక్క బొరియ వైపు కుంటుకుంటూ వెళ్లింది.