నాలుగు పచ్చ లైట్లు

"అది తీసుకోకండి."

కౌంటరు మీదున్న మీటరు పెట్టె అందుకోబోతున్న మిరపకాయ చేతిని ఎవరో పట్టుకున్నారు.

మిరపకాయ అతని అసలు పేరు కాదు. అతని కోపం ఒక్కసారి రుచి చూసినవాళ్ళెవరికీ అసలు పేరుతో పని పడలేదు, అంతే.

తిరిగి చూశాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా. తనని పట్టుకున్న ఎడమ చేతి చిటికెన వేలు కొక్కెంలా వంకర తిరిగి ఉంది.

"చెయ్యి తియ్యి!"

"ఇది వోల్టేజీ ఒక్కటే చూస్తుందండీ. బయటున్న మీ బండిలో వాడే బ్యాటరీ చివరి గుక్క దాకా నిండుగా ఉన్నట్టే నటిస్తుంది. ఎంత వచ్చింది, ఎంత పోయింది లెక్కగట్టే మీటరు పక్కనే ఉంది. అది తీసుకోండి."

మిరపకాయకి ఇల్లూ వాకిలీ అన్నీ అతని వ్యానే. ఊరి పొగకి అమ్మ ఊపిరాడక గిలగిల్లాడుతుంటే, వ్యానులోనే మంచాలూ పొయ్యీ అమర్చి, పైన సోలార్ పలకలు బిగించి, కరెంటు తీగన్నదే లేని కొండ మీది క్యాంపుకి భార్యతో కలిసి తీసుకొచ్చాడు. అమ్మ ప్రాణం ఆక్సిజన్ మెషిన్ మీద, మెషిన్ ప్రాణం బ్యాటరీ మీద. బ్యాటరీలో ఎంతుందో చెప్పే పాత మీటరు పాడైపోయింది. అందుకే కొండ దిగి ఈ కొట్టుకి వచ్చాడు.

"నీకేం తెలుసయ్యా? ఇది చూడు!" ఫోన్ అతని మొహానికి ఆనించినంత పని చేశాడు.

ఎవరో ఫార్వర్డ్ చేసిన వీడియో. అందులో మనిషి కనపడడు, మాట వినపడదు. మీటరు బిగిస్తున్న చేతులు, వెలిగే నాలుగు పచ్చ లైట్లు, కింద అక్షరాలు. 'కళ్ళు మూసుకుని కొనండి.'

అతను ఫోన్ వైపు చూడలేదు. తల తిప్పుకున్నాడు.

"ఆ వీడియో ఎప్పుడో తీసేశారండీ. అది చెప్పినవాడు ఒట్టి వెధవ."

"వెధవెవడో నేను చూపిస్తా!"

మిరపకాయకి ముందు చెయ్యి లేస్తుంది. ఆలోచన వెనకాల నిదానంగా నడిచొస్తుంది. లాగి కొట్టిన దెబ్బకి అతను వెళ్ళి ఇనుప అరల మీద పడ్డాడు. పెదవి చిట్లింది.

రక్తం తుడుచుకుంటూ కూడా ఒకటే అడిగాడు. "మీ బండిలో ఎవరికైనా మెషిన్ ఉందా?"

జవాబుగా డొక్కలో ఒక్క తన్ను తన్ని, మీటరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు మిరపకాయ.

ఆ రాత్రి కొండ మీద మంచు కమ్ముకుంది. మర్నాడూ ఎండ మొహం కనపడలేదు, ఆ మర్నాడూ అంతే.

"కాసేపు ఇంజను వేద్దామా? బ్యాటరీ ఎక్కుతుంది" అంది భార్య మూడో రోజు పొద్దున్నే.

"నాలుగు లైట్లూ పచ్చగా వెలుగుతుంటే కళ్ళు కనపడట్లేదా? ఇప్పుడిప్పుడే అమ్మకి కునుకు పట్టింది. ఆ చప్పుడుకి లేస్తుంది."

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే వ్యాన్ తలుపు దబాలున తెరుచుకుంది.

కొట్టులో మనిషి! పెదవి ఇంకా వాచే ఉంది. చేతిలో రాయి.

"ఇంజను వెయ్యండి! తొందరగా!" అంటూ గోడకున్న మీటరుని ఒక్క దెబ్బకి పగలగొట్టాడు.

మిరపకాయ అతని జుట్టు పట్టి బయటికి ఈడ్చి బురదలో పడేశాడు. మోకాలితో గుండెల మీద తొక్కి, పిడికిలితో మొహమంతా చితక్కొట్టాడు. అతను ఒక్కసారి కూడా తిరిగి చెయ్యి ఎత్తలేదు.

"ముందు ఇంజను వెయ్యండి... తర్వాత చంపుకోండి..."

ఎడమ చేత్తో డ్రైవరు సీటు వైపు చూపించాడు. ఆ చేతి మీదే పడింది, మిరపకాయ పక్కనుంచి అందుకున్న టైర్లు విప్పే రాడ్డు. ఎముక విరిగిన చప్పుడు వ్యాన్లోకి వినపడింది.

సరిగ్గా అప్పుడే మెషిన్ ఆగిపోయింది.

"అత్తయ్యా!" భార్య కేక.

"మీటరు పగలగొట్టి మా అమ్మని చంపుతావురా!"

రాడ్డు ఈసారి తల మీద పడింది.

భార్య డ్రైవరు సీటులోకి దూకింది. తాళం తిప్పింది. ఇంజను గుర్రుమంది. మెషిన్ మళ్ళీ మొదలైంది. నీలంగా మారిన అమ్మ పెదవులు నెమ్మదిగా రంగు తేరాయి.

కింద పడ్డవాడు మాత్రం కదల్లేదు. క్యాంపు కాపలాదారు పరుగున వచ్చి, తన జీపులో వేసుకుని కొండ దిగాడు.

తిరిగి ఒక్కడే వచ్చాడు.

"దారిలోనే పోయాడు. పోలీసులు వస్తున్నారు."

"మరి వాడు మీటరు పగలగొట్టబట్టే కదా మెషిన్..." అన్నాడు మిరపకాయ.

"మీటరు కరెంటు చూపించేదే కానీ ఇచ్చేది కాదయ్యా. అది పగిలితే మెషిన్ ఎందుకాగుతుంది? బ్యాటరీ ఖాళీ. పాపం, అతనికీ ఇలాంటి బండే ఉండేది. భార్యకి ఇదే మెషిన్, గోడకి ఇదే మీటరు. నాలుగు లైట్లూ పచ్చగా వెలుగుతుండగానే ఆమె పోయింది. అప్పట్నుంచీ క్యాంపు క్యాంపూ తిరిగి, ఇది కనపడితే చాలు పగలగొడుతున్నాడు. తిట్టినా, తన్నినా మానలేదు. ఎండ లేదని పొద్దున్నే పరుగున వచ్చి నన్ను మీ బండే అడిగాడు."

మిరపకాయ తన చేతులు చూసుకున్నాడు. రక్తం ఇంకా అలాగే ఉంది. ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకే, అలవాటు చొప్పున, కోపం వచ్చింది.

"ఇది కొనమని చెప్పినవాడు దొరకాలి. వాడి చేతులు విరిచేస్తాను!"

ఫోన్ తీసి వీడియో పెట్టాడు. ఎన్నోసార్లు చూసిందే. ఎప్పుడూ మీటరునే చూశాడు. ఈసారి చేతుల్ని చూశాడు.

పచ్చ లైట్ల కింద మీటరుని భద్రంగా పట్టుకున్న ఎడమ చేతికి, పొద్దున తను విరిచిన చేతికున్న ఆ వంకర చిటికెన వేలే ఉంది.