సారమ్మ ఫిర్యాదు

2009 మే నెలలో ఒక మంగళవారం ఉదయం, కోదాడ దగ్గరి చేపల చెరువులో ప్రభుత్వం నిషేధించిన క్యాట్‌ఫిష్ దొరికింది. చెరువు ఖాళీ చేసి చేపల్ని పూడ్చిపెట్టాలని మత్స్యశాఖ అధికారి ఆదేశించారు.

ఫిర్యాదు చేసింది ఆ చెరువు కాపలాదారు యేసోబు భార్య సారమ్మ.

“మొగుని నోటికాడి కూడు నువ్వే గుంజుకున్నవ్ గదమ్మా,” అన్నారు అధికారి.

సారమ్మ సంచిలోంచి మగవాళ్ల చెప్పులజత తీసింది.

“చేపలతోని నాకేం పని సారూ? నెల కింద కాపలకొచ్చినోడు మళ్ల ఇంటికి రాలె. గీ చెప్పులు గట్టు మీద దొరికినయ్. పట్నం పోయిండంటడు ఓనరు. చెప్పులిడిసి పోతడా? నీళ్లు తోడి సూడుమంటే పోలీసోళ్లు కసిరిండ్రు. చేపల కోసమన్నా మీరు తోడుతరని కాయితం వెట్టిన.”

అధికారి చెరువు వైపు చూశారు.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి ఇంజన్లు పెట్టి నీళ్లు తోడతారు.