నాలుగు దిక్కుల ప్లేటు

గుండుగాడు మాట మీద నిలబడే రకమైతే తన బతుకు ఇలా ఉండేది కాదని తిట్టుకుంటూ వడ్రంగి మేస్త్రి ప్లైవుడ్ బల్లను బోర్లించాడు.

గుండు అతని బావమరిది. పాతికేళ్ళకే జుట్టంతా రాలిపోయి ఆ పేరు మిగిలింది. వీధి చివర వీడియో గేముల షాపు వాడిది. అందులో గేములాడే పెట్టెలన్నీ మేస్త్రి చేతివి. ప్రతిసారీ ఒకటే పాట. ఈ ఒక్క పెట్టె చేసిపెట్టు బావా, మార్కెట్ వెనక నా గది ఖాళీగానే ఉంది, అందులో నీ సొంత పని పెట్టుకో, పైన కాపురం ఉండొచ్చు అనేవాడు. పెట్టె తయారయ్యేది. గది మాట గాలికి పోయేది. ఇల్లరికపు అల్లుడు ఎవరికి చెప్పుకుంటాడు? కింద వాటాలో తన మంచం, పై వాటాలో బావమరిది అడుగుల చప్పుడు. ఏళ్ళ తరబడి ఆ అడుగుల కిందే నిద్ర.

కిందటి వారం మాత్రం గుండు షాపులో అందరి ముందూ నోరు జారాడు. కొత్త పెట్టె మీద ఫైటింగ్ గేములో తనను ఓడిస్తే ఆ గది తాళంచెవి అక్కడికక్కడే చేతిలో పెడతానన్నాడు.

"ఒకటే ఆట. ఓడిపోయాక స్టిక్కు బాగోలేదని ఏడవకూడదు బావా."

"నేను బిగించిన స్టిక్కులో తప్పుంటే ఓటమి నాదే," అన్నాడు మేస్త్రి. షాపంతా విన్నది.

బల్ల అడుగున ఉలితో పావంగుళం లోతు చెక్కి జాయ్‌స్టిక్ ఇనప రేకును అందులో కూర్చోబెట్టాడు. అలా చెక్కకపోతే స్టిక్కు పైకి పొట్టిగా వస్తుంది, ఆడేవాడి చేతికి పట్టు దొరకదు. మరలు కూడా పొట్టివే ఏరుకున్నాడు. పొడుగువైతే పైనున్న సన్‌మైకాను పొడిచేస్తాయి. ఎడమది అయింది. కుడిది అయింది.

భార్య కిటికీ దగ్గర కుట్టుమిషను మీద ఎవరి పిల్లదో గౌను కుడుతోంది. వీధి వీధంతా ఆమె దగ్గరే కుట్టించుకుంటుంది. గది సంగతి చెప్పిన రోజు, నా గిరాకీ అంతా ఇక్కడే కదా అని నసిగింది. అక్కడి జనం కూడా బట్టలే కట్టుకుంటారులే అన్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒప్పుకుందనుకున్నాడు.

"పిన్ను ఒకటి ఇవ్వు," అన్నాడు చెయ్యి చాపి.

ఆమె తల ముడిలోంచి నల్ల పిన్ను తీసి ఇచ్చి పక్కనే కూర్చుంది. దేనికని అడిగింది. పని గురించి అడిగేవాళ్ళు దొరికితే మేస్త్రి నోరు ఆగదు. స్టిక్కు అడుగున ఉన్న ప్లాస్టిక్ ప్లేటు చూపించాడు. ఇలా ఉంటే స్టిక్కు ఎనిమిది దిక్కులకూ పోతుంది. పిన్నుతో కొక్కెం నొక్కి కాస్త పక్కకు తిప్పితే నాలుగే. పైకీ కిందికీ, ఎడమకీ కుడికీ. మూలలకు పోదు. గళ్ళలో పరుగెత్తే ఆటలకు నాలుగు చాలు. ఫైటింగుకు చాలవు. ఎగిరి తన్నాలంటే స్టిక్కు మూలకు పోవాల్సిందే. గుండు ఎన్నడూ కాచుకోలేనిది ఆ ఒక్క తన్నే.

"మా వాడొచ్చి మీవైపుది తిప్పేస్తే?"

ఆ ఆలోచన మేస్త్రికి రాలేదు. ఎడమ పక్క తనదని వాడికి తెలుసు. పైనుంచి చూస్తే ఏదీ కనబడదు, చెయ్యి వేసి ఆడితే తప్ప.

పిన్నుతో రెండు ప్లేట్లూ ఎనిమిదికి పెట్టాడు. ఆమె పిన్ను తీసుకుని మళ్ళీ ముడిలో గుచ్చుకుంది. మడతబందులు వేసి బల్లను పెట్టెకు మూతలా బిగించాడు. రెండు స్టిక్కులూ అన్ని మూలలకూ తిప్పి చూశాడు. మూతకు వెయ్యడానికి తాళం మాత్రం ఇంట్లో లేదు.

సాయంత్రం ఆటకు ముందు స్నానానికి వెళ్తూ, "ఆ గుండుగాడిని దీని దరిదాపులకు రానివ్వకు," అన్నాడు.

"నేను ఉన్నాను కదా. వెళ్ళండి."

నీళ్ళ చప్పుడులోనూ కుట్టుమిషను వినబడుతూనే ఉంది. మధ్యలో కాసేపు ఆగింది. దారం తెగి ఉంటుందనుకున్నాడు. మళ్ళీ మొదలైంది.

గుండు షాపు జనాన్నంతా వెంటేసుకుని వచ్చాడు. తాళంచెవిని పెట్టె మీద టప్పున పెట్టాడు.

"అక్కా, మీ ఆయన మూట కట్టేశాడా?"

"కట్టడానికి ఏముందిరా," అంది ఆమె తల ఎత్తకుండా.

ఆట మొదలైంది. మేస్త్రి స్టిక్కును పైమూలకు తోశాడు. బొమ్మ ఉన్నచోటే ఎగిరి ఉన్నచోటే దిగింది. మళ్ళీ తోశాడు. ఈసారి ఎగరకుండా ముందుకు నడిచి తన్ను తిన్నది. గోడకు తలకాయ కొట్టుకున్నట్టే, ఎంత నెట్టినా మూలకు దారి లేదు. అడకత్తెరలో పోకచెక్కను నొక్కినట్టు గుండు అతన్ని తెర అంచుకు నెట్టి నలిపేశాడు.

"స్టిక్కు బాగోలేదా బావా?"

జనమంతా అతని మొహమే చూస్తున్నారు.

"బాగానే ఉంది," అన్నాడు మేస్త్రి.

గుండు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇంకో పెట్టె మొదలుపెట్టు బావా, చూద్దాం అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక మేస్త్రి మూత ఎత్తాడు. ఎడమ ప్లేటు నాలుగు దిక్కులకు తిరిగి ఉంది.

"నీ తమ్ముడే," అన్నాడు పళ్ళు నూరుతూ. "ఎప్పుడొచ్చాడు వాడు? ఎందుకు రానిచ్చావు?"

భార్య కింద పడ్డ దారం ముక్కలు ఏరుతోంది. పై వాటాలో అడుగుల చప్పుడు మొదలైంది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పైన కాపురానికి అంతే గది. పోయింది.

ఇప్పుడు తిప్పి ఏం లాభమో అతనికే తెలియదు. అయినా తప్పుగా బిగించిన పనిని అలా వదిలెయ్యడం చేతకాలేదు. ప్లేటు మీంచి చూపు తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపాడు.

"పిన్ను ఇవ్వు."

"ఆ పెట్టెలోనే పడిపోయిందండీ," అంది భార్య.